కొత్త టైరు మీది మరకలు: ఏవి కడగాలి, ఏవి వదిలేయాలి

కొత్త టైర్లు వేయించుకుని బండి ఇంటికి తెచ్చాక చాలామందికి ఒక అసంతృప్తి మొదలవుతుంది. వేలకు వేలు పోసి కొన్నా టైరు నిగనిగలాడదు. రిమ్ము అంచు వెంట తెల్లటి వలయం, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద చాయ్ రంగు పొర, ట్రెడ్డు (రోడ్డును తాకే గాళ్ల భాగం) మీద స్టిక్కరు పీకితే మిగిలిన జిగురు, షాపులో పసుపు సుద్దతో రాసిన సైజు. కారు షాంపూ పెట్టి రుద్దినా ఇవి లొంగవు. అప్పుడిక సలహాలు వస్తాయి. పక్కింటాయన పెట్రోలు గుడ్డ పెట్టి తుడవమంటాడు. మెకానిక్ థిన్నర్ అంటాడు. వాషింగ్ సెంటర్ కుర్రాడు పాలిష్ కొడితే అన్నీ మాయమైపోతాయంటాడు.

ఈ మూడు మాటలూ వినకూడదని నేను గట్టిగా చెప్తాను. ఆ మరకల్లో కొన్ని బయటి నుంచి వచ్చి అంటుకున్నవి. గోడౌన్‌లో, షాపులో, బిగించేటప్పుడు పడ్డవి. వాటిని తీసేయాలి, తేలిగ్గానే తీయొచ్చు. ఇంకొన్ని టైరు లోపలి నుంచి పైకి ఊరి వచ్చినవి. అవి టైరును కాపాడటానికే ఉన్నాయి కాబట్టి వాటితో కుస్తీ పట్టకూడదు. మూడో రకం రోడ్డే అరగదీసేసేవి. వాటికి మనం చేయాల్సిందేమీ లేదు. ఏది ఏ రకమో తెలియకుండా అన్నిటికీ ఒకటే మందు వేయడం వల్ల కొత్త టైరు ఆయుష్షు మన చేతులతోనే తగ్గుతోంది.

ముందు రోడ్డు తీసేసేవాటి సంగతి. సదాశివపేటలోని ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీలో తయారైనా, విదేశాల నుంచి ఓడెక్కి వచ్చినా టైరు పుట్టే పద్ధతి ఒకటే. పచ్చి రబ్బరు టైరును ఇనుప అచ్చులో పెట్టి, లోపలి నుంచి ఒత్తిడి ఇచ్చి, 150 నుంచి 180 డిగ్రీల వేడిలో ఉడికిస్తారు. కారు టైరయితే పది పదిహేను నిమిషాల పని. రబ్బరు అచ్చుకు అతుక్కోకుండా పూసే జారుడు పదార్థం కొంత టైరు మీద మిగులుతుంది. అచ్చులోని గాలి బయటికి పోయే సన్నటి రంధ్రాల్లోకి రబ్బరు దూరి చిన్న చిన్న రబ్బరు వెంట్రుకలు తయారవుతాయి. ఆ వెంట్రుకలు పీకాల్సిన పనిలేదు, కత్తిరించాల్సిన పనీ లేదు. ట్రెడ్డు మీదవి కొన్ని రోజుల్లో అరిగిపోతాయి, పక్కలవి ఉన్నా నష్టం లేదు.

ట్రెడ్డు మీది జారుడు పొర మాత్రం పట్టించుకోవాల్సిందే, కానీ రుద్దడం ద్వారా కాదు. మొదటి 300 కిలోమీటర్ల దాకా గట్టి బ్రేకులు, విసురుగా మలుపులు వద్దని టైరు కంపెనీలు చెప్పేది అందుకే. ఆ దూరంలో రోడ్డే ఆ పొరను గీకేస్తుంది. బైకు టైరుకైతే ఈ జాగ్రత్త రెండింతలు ఉండాలి, ఎందుకంటే మలుపులో బండి వంగితే నేలను తాకేది ఇంకా అరగని అంచు. కారుకు కొత్త టైర్లు వేసుకున్న రోజే హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 120 తొక్కడం, అదీ జూన్ తొలివానలో, బుద్ధున్న పని కాదు. ఆ పొరను ఇంట్లో థిన్నర్‌తో తీసేస్తే పోలా అని కొందరు అడుగుతారు. థిన్నర్ పై పొర దగ్గర ఆగదు. రబ్బరులోకి ఇంకుతుంది. అసలు గొడవంతా అక్కడే.

ట్రెడ్డు చుట్టూ కనిపించే ఎరుపు, నీలం, పసుపు గీతలు గోడౌన్‌లో ఏ టైరు ఏదో గుర్తుపట్టడానికి ఫ్యాక్టరీలో వేసేవి. అవీ రోడ్డు పనే. సైడ్‌వాల్ మీద చిన్న పసుపు చుక్క ఉంటే అది టైరులో తేలికైన చోటుకు గుర్తు. బిగించేటప్పుడు దాన్ని గాలి వాల్వు పక్కనే వచ్చేలా పెడతారు. ఎర్ర చుక్కది వేరే లెక్క, టైరు గుండ్రంలో ఎత్తుగా ఉన్న చోటును చెబుతుంది. చక్రం బరువు అన్ని వైపులా సమం చేసే బ్యాలెన్సింగ్ అయిపోయాక వీటితో పనిలేదు. తుడిచేసినా, ఉంచుకున్నా మీ ఇష్టం.

ఇప్పుడు అందరినీ కంగారు పెట్టే చాయ్ రంగు పొర. టైరు పాత స్టాకు అంటగట్టారని షాపువాళ్లతో గొడవకు దిగేది దీన్ని చూసే. కడిగిన రెండు వారాలకే మళ్లీ వస్తే, ఇదేదో పోని మురికి అనుకుని ఘాటైన కెమికల్ కోసం వెతికేది కూడా దీని కోసమే. ఇది మురికి కాదు. రబ్బరుకు ఓజోన్ అంటే గిట్టదు. ఎండలో వాహనాల పొగ నుంచి నేల మీదే తయారయ్యే ఈ ఓజోన్, సాగి ఉన్న రబ్బరు అణువుల గొలుసులను తెంపేస్తుంది. ఎటు సాగితే దానికి అడ్డంగా సన్నటి బీటలు పడతాయి. దీన్ని అడ్డుకోవడానికే రబ్బరు కలిపేటప్పుడే రెండు వస్తువులు వేస్తారు. ఒకటి మైనం. అది నెమ్మదిగా పైకి ఊరి టైరు మీద పలచటి పొర కడుతుంది, బండి కదలకుండా ఉన్నప్పుడు కాపాడుతుంది. బండి నడిచేటప్పుడు సైడ్‌వాల్ వంగి లేస్తూ ఉంటుంది కాబట్టి ఆ మైనం పొర చిట్లిపోతుంది. అప్పుడు పనిచేసేది రెండోది, 6పీపీడీ అనే రసాయనం. రబ్బరు కన్నా ముందు తనే ఓజోన్‌తో కలిసి ఖర్చయిపోతుంది. అలా ఖర్చయినదాని రంగే ఆ గోధుమ వన్నె.

కాబట్టి ఆ రంగు కనబడుతోందంటే టైరు తన పని తాను చేసుకుంటోందని అర్థం. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే ఎండలో రోజంతా బయట నిలిపే కారుకు ఇది ఇంకా త్వరగా కనిపిస్తుంది. పాత స్టాకా కాదా అన్న అనుమానం తీర్చుకోవాలంటే రంగు చూడకండి, సైడ్‌వాల్ మీద డీఓటీ (DOT) అక్షరాల వరుస చివర ఉండే నాలుగు అంకెలు చూడండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైంది. కొన్నిసార్లు ఈ అంకెలు టైరుకు ఒక పక్కనే ఉంటాయి. బయటి పక్క కనబడకపోతే లోపలి పక్క చూడాలి, వీలైతే బిగించక ముందే.

అయితే చాయ్ రంగును అసలు కడగకూడదా? కడగొచ్చు. నీళ్లు, సబ్బు, నైలాన్ బ్రష్‌తో పైపైన ఖర్చయిన పొర పోతే టైరుకు ఏమీ కాదు, లోపలి నుంచి మళ్లీ ఊరుతుంది. కాకపోతే ఆ నిల్వకు ఒక హద్దు ఉంది. పెట్రోలు, డీజిలు, కిరోసిన్, థిన్నర్ రబ్బరును ఉబ్బిస్తాయి. అందులోని నూనెలను, మైనాన్ని, 6పీపీడీని బయటికి లాగేస్తాయి. అవి ఆరిపోయాక పైచర్మం ఎండి బిరుసెక్కుతుంది. తుడిచిన గంటకు టైరు నల్లగా, మెత్తగా, అచ్చం కొత్తదానిలా కనిపిస్తుంది. ఆ గంట చూసి మంచి పని జరిగిందనుకుంటారు. నష్టం తర్వాత ఎప్పుడో కనిపిస్తుంది. సైడ్‌వాల్ ఎక్కువగా వంగే చోట, సన్నటి గీతలుగా. అప్పుడు ఎండను, కంపెనీని తిడతారే తప్ప ఆ పెట్రోలు గుడ్డ ఎవరికీ గుర్తుకు రాదు. డబ్ల్యూడీ-40 కూడా ఎక్కువ భాగం పెట్రోలియం ద్రావకమే. నారింజ తొక్క నూనెతో చేసిన స్టిక్కర్ రిమూవర్లు సహజమైనవని అమ్ముతారు గానీ ఆ నూనె కూడా రబ్బరును ఉబ్బిస్తుంది. వీటిని టైరుకు తగలనీయకండి.

మరి దేనితో కడగాలి? మామూలు పనికి అయిదు లీటర్ల గోరువెచ్చటి నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల గిన్నెలు తోమే లిక్విడ్ చాలు. సబ్బుకు లొంగకపోతే ఆల్ పర్పస్ క్లీనర్, ఒక పాలు క్లీనర్‌కు అయిదు పాళ్ల నీళ్లు. ఘాటు పెంచినంత మాత్రాన పని పెరగదు, నానే సమయం పెంచితే పెరుగుతుంది. యాసిడ్ ఉన్న రిమ్ము క్లీనర్లు వద్దు. నైలాన్ పోగుల గట్టి బ్రష్ ఒకటి, పాత టూత్ బ్రష్ ఒకటి చాలు. బేగంబజార్‌లో ఏ బ్రష్‌ల కొట్లో అయినా దొరుకుతాయి. ఇనుప తీగల బ్రష్, స్టీలు పీచు వద్దే వద్దు. టైరు బ్రష్‌ను బాడీ మీద వాడకండి, దానిలో ఇరుక్కున్న ఇసుక రేణువు రంగు మీద గీతలు పెడుతుంది.

బండి నీడలో ఉండాలి, టైరు చేత్తో తాకితే చల్లగా ఉండాలి. వేడి టైరు మీద సబ్బు క్షణాల్లో ఎండిపోయి అదే కొత్త మరకవుతుంది. వాల్వు మూత బిగించి ఉందో లేదో చూసుకోండి. ఒక టైరు పూర్తయ్యాకే ఇంకోటి మొదలుపెట్టండి. ముందు ఇసుక, దుమ్ము నీళ్లతో కొట్టేయాలి. తర్వాత సబ్బు పట్టించి నిమిషం నుంచి రెండు నిమిషాలు నానబెట్టాలి. అప్పుడు అక్షరాల సందుల్లోకి బ్రష్ పోయేలా చిన్న చిన్న వలయాలుగా రుద్దాలి. ఇక్కడ నురగను కళ్లతో చూడటం నేర్చుకోవాలి. మొదట అది చిక్కటి గోధుమ రంగులో దిగుతుంది, రెండో విడతకు లేత చాయ్ రంగుకు, తర్వాత దాదాపు తెలుపుకు వస్తుంది. అక్కడ ఆపాలి. తడిగుడ్డతో తుడిస్తే గుడ్డకు నలుపు దిగుతోందంటే మీరు తీస్తున్నది మరక కాదు. టైరుకు నలుపునిచ్చేది రబ్బరులో కలిపిన కార్బన్ బ్లాక్. అది ఊడి వస్తోందంటే టైరునే గీకుతున్నారు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా రుద్దాలనేవాళ్లు అన్ని చోట్లా కనిపిస్తారు. రబ్బరు విషయంలో అది ఎప్పటికీ తెగని పని.

రిమ్ము అంచున తెల్లటి వలయం బీడ్ పేస్టుది. టైరు బిగించేటప్పుడు దాని అంచు రిమ్ములోకి జారి కూర్చోవడానికి సబ్బులాంటి పేస్టు పూస్తారు, చిన్న షాపుల్లో సబ్బు నీళ్లే వాడతారు. ఆరాక తెల్లగా కట్టుకుపోతుంది. నీళ్లలో కరిగేదే కాబట్టి టూత్ బ్రష్, గోరువెచ్చటి సబ్బునీళ్లతో వస్తుంది. కాకపోతే బిగించిన రోజే కడగొద్దు. పేస్టు ఆరితేనే టైరు రిమ్మును గట్టిగా పట్టుకుంటుంది. పచ్చిగా ఉన్నప్పుడు విసురుగా లాగినా, గట్టిగా బ్రేకు కొట్టినా టైరు రిమ్ము మీద కాస్త జరగొచ్చు, అలా జరిగితే చేయించిన బ్యాలెన్సింగ్ పోతుంది. కనీసం ఒక రోజు ఆగండి. అల్లాయ్ రిమ్ము లోపల బ్యాలెన్సింగ్ కోసం అంటించిన పాత వెయిట్ల జిగురు మిగిలి ఉంటే అది కొత్త వెయిట్లు అంటించక ముందే తీయాలి. షాపులో ఉండగానే అడిగి తీయించుకోండి, ఆ జిగురు మీద అంటించిన వెయిటు నిలవదు.

జిగురు అనగానే స్టిక్కరు. ట్రెడ్డు మీది స్టిక్కరు జిగురుతో కుస్తీ పట్టొద్దు, కాగితం పీకేస్తే మిగతాది రోడ్డు చూసుకుంటుంది. సైడ్‌వాల్ మీదికి వచ్చిన స్టిక్కరును మాత్రం హెయిర్ డ్రయర్‌తో అర నిమిషం వెచ్చచేసి, నిలువుగా లాగకుండా టైరుకు ఆనించినట్టుగా వెనక్కి మడిచి నెమ్మదిగా లాగితే జిగురు కూడా చాలావరకు దానితోనే వస్తుంది. మిగిలినదాన్ని బొటనవేలితో ఉండలు చుట్టినట్టు రుద్దండి. అప్పటికీ మిగిలితే ఐపీఏ, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 70 శాతంది. సెల్‌ఫోన్ రిపేరు వాళ్లు వాడేది ఇదే, జగదీశ్ మార్కెట్‌లో దొరుకుతుంది. లేదంటే మందుల షాపులో సర్జికల్ స్పిరిట్ అడగండి. గుడ్డ తడిపి జిగురు మీద అర నిమిషం ఆనించి ఉంచి తుడవాలి, వెంటనే నీళ్లతో కడిగేయాలి. పెట్రోలులా ఇది రబ్బరును ఉబ్బించదు. అయినా జిగురు ఉన్నంత మేరకే వాడండి, టైరంతా పూయడానికి కాదు. నిప్పుకు దూరంగా పెట్టడం మరవద్దు. సుద్ద గీతలు సబ్బుకే పోతాయి. మైనం క్రేయాన్‌తో రాసి ఉంటే దానికీ ఐపీఏనే. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పసుపు, నలుపు పెయింటు వేసిన అంచుకు రాసుకుని అంటిన రంగును నానబెట్టి నైలాన్ బ్రష్‌తో రాలినంత రాల్చి, మిగతాది వదిలేయడమే మంచిది. ముందు మాత్రం ఆ చోట కోత గానీ, ఉబ్బు గానీ ఉందేమో వేలితో తడిమి చూడండి. ఉబ్బు ఉంటే ఇక కడగడం గురించి కాదు ఆలోచించాల్సింది, టైరు మార్చడం గురించి.

థార్ లాంటి బండ్లకు వేసే తెల్ల అక్షరాల టైర్లది ప్రత్యేక కేసు. కొత్తగా వచ్చినప్పుడు ఆ అక్షరాల మీద నీలం పూత ఉంటుంది. పేర్చినప్పుడు నల్ల రబ్బరులోని రసాయనాలు తెల్లదానికి అంటకుండా వేసిన రక్షణ అది. దీన్ని మాత్రం ఆలస్యం చేయకుండా, ఎండకు కాగి గట్టిపడక ముందే గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి, సబ్బు, బ్రష్‌తో తీసేయాలి. నీళ్లలో కరిగే పూతే. తర్వాత ఆ తెల్ల అక్షరాలు కూడా చాయ్ రంగుకు తిరగడం మామూలే, చుట్టూ ఉన్న నల్ల రబ్బరులోంచి 6పీపీడీ అటూ పాకుతుంది. నెలకోసారి సబ్బుతో కడుక్కుంటూ పోవాలి తప్ప ఒక్కసారిగా తెల్లబరిచే మందు లేదు.

పాలిష్ వాదన కూడా తేల్చాలి. కడగని టైరు మీద పాలిష్ కొట్టడం వల్ల మరకలు పోవు, కింద దాక్కుంటాయి. పైగా అచ్చు పొర, బీడ్ పేస్టు మీద పాలిష్ సరిగ్గా పట్టదు. బండి కదలగానే చుక్కలుగా ఎగిరి ఫెండర్ మీద, డోరు మీద పడుతుంది. ఆ తడికి రోడ్డు దుమ్ము అంటుకుని రెండు రోజుల్లో మొదటికన్నా అసహ్యంగా తయారవుతుంది. మెరుపే కావాలనుకునేవాళ్లను నేను కాదనను, కానీ సైడ్‌వాల్ కడిగి పూర్తిగా ఆరాక, పాలలా తెల్లగా ఉండే నీటి ఆధారిత డ్రెస్సింగ్ స్పాంజి మీద వేసుకుని పలచగా పూయాలి. పది నిమిషాల తర్వాత పొడిగుడ్డతో మిగిలిన తడి తీసేయాలి. పెట్రోలు వాసన వచ్చే, జిడ్డుగా జారే ద్రావక పాలిష్ వద్దు. ఇక ట్రెడ్డు మీద, బ్రేకు డిస్కు మీద ఏ రకం పాలిష్ చుక్కా పడకూడదు. టైరు మీద నేరుగా స్ప్రే చేసేటప్పుడు అల్లాయ్ సందుల్లోంచి డిస్కు మీద పడుతుందని చాలామందికి తోచదు. నాకడిగితే కొత్త టైరుకు పాలిషే అక్కర్లేదు. మెరుపు లేని బొగ్గు నలుపే దాని అసలు రంగు, దాని మీద పగుళ్లు, మేకులు, కోతలు తేలిగ్గా కనిపిస్తాయి కూడా.

హైదరాబాద్‌లో ఇంకో చిక్కు నీళ్లది. ఎంత బాగా కడిగినా ఆరాక టైరు మీద బూడిద రంగు తెలుపు తేలుతోందంటే అది కొత్త మరక కాదు, బోరు నీళ్లలోని ఉప్పు. ఈ గ్రానైట్ రాతి నేలలో బోరు నీళ్లు చాలా చోట్ల కఠినంగా ఉంటాయి, ట్యాంకర్ నీళ్లూ ఎక్కువగా బోరువే. నల్లా నీళ్లు కాస్త నయం. అన్నీ నల్లా నీళ్లతో కడిగే వీలు లేకపోతే చివరి విడత ఒక్క మగ్గు నల్లా నీళ్లు పోసి, ఆరనివ్వకుండా పాత మైక్రోఫైబర్ గుడ్డతో వెంటనే తుడిచేస్తే చాలు.

కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయో కూడా ఆలోచించాలి. 2020లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర పరిశోధకులు ఒక విషయం తేల్చారు. 6పీపీడీ ఓజోన్‌తో కలిసినప్పుడు పుట్టే 6పీపీడీ-క్వినోన్ వాననీటితో వాగుల్లోకి చేరి అక్కడి కోహో సాల్మన్ చేపలను చంపేస్తోందని. మన దగ్గర ఆ చేప లేదు. కానీ మన రోడ్ల నీళ్లు పోయేదీ చెరువులకు, మూసీకే. టైరు అరుగుదల పొడిని మనం ఆపలేం. కోరి పెట్రోలు పెట్టి ఆ రసాయనాన్ని పిండి, ఆ పెట్రోలుతో సహా మోరీలోకి వదలకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉన్న పనే.

బండిని వాషింగ్ సెంటర్‌లో ఇచ్చేవాళ్లు లోపలికి పంపక ముందే మూడు మాటలు చెప్పాలి, పని మొదలయ్యాక చెప్తే లాభం ఉండదు. ఒకటి, అండర్‌బాడీకి డీజిల్ స్ప్రే వద్దని. అది టైర్ల లోపలి పక్కంతా తడిపేస్తుంది, అక్కడ ఎవరూ చూడరు, ఎవరూ కడగరు. రెండు, ప్రెషర్ గన్ మూతిని టైరుకు, వాల్వుకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టమని. దగ్గర పెట్టి ఒకే చోట కొడితే సైడ్‌వాల్ దెబ్బతింటుంది, అక్కడ రంగు మారడం దానికి మొదటి గుర్తు. మూడు, పాలిష్ వద్దని. "అన్నా, ఉత్త సబ్బు, బ్రష్ చాలు, టైర్లకు ఇంకేం పెట్టకు" అంటే అర్థమైపోతుంది. బండి తీసుకున్నాక డిస్కుల తడి ఆరేలా గల్లీలోనే నెమ్మదిగా నడుపుతూ రెండు మూడుసార్లు మెల్లగా బ్రేకు వేసి, తర్వాతే మెయిన్ రోడ్డెక్కండి.